ఉభాల వేళ: ఊపిరితిత్తులు మార్పించుకున్నవారి ఇంట్లో జాగ్రత్తలు

వానలు పడి ఉభాలు మొదలయ్యాయంటే పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ పల్లెల్లో ఇంటిల్లిపాదీ మళ్లలోనే ఉంటారు. ఊపిరితిత్తుల మార్పిడి అయినవారు మాత్రం మడిలో దిగకూడదు. తడి మట్టిలో మెలియాయిడోసిస్ అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బర్ఖోల్డేరియా, మట్టిలోనూ కుళ్లిన ఆకుల్లోనూ నొకార్డియా అనే బాక్టీరియాలు బతుకుతాయి. ఆరోగ్యవంతులు చాలామంది వీటిని తట్టుకుంటారు. కొత్త ఊపిరితిత్తిని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) వేసుకునేవారికి ఆ శక్తి తక్కువ. ఆ మందుల వల్ల షుగర్ కూడా వస్తే మెలియాయిడోసిస్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

బురదలోని క్రిమి చర్మం మీది గాటులోంచి దూరుతుంది. గాలివానలో తుంపరతో ఊపిరిలోకీ పోతుంది, కాబట్టి ఈదురుగాలి వీస్తుంటే తలుపులు వేసుకుని లోపలే ఉండాలి. వాకిట్లో అడుగు పెట్టినా బూట్లు ఉండాలి. కాలికి గీరుకుంటే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అయోడిన్ రాసి కట్టు కట్టాలి. గెత్తం ఎత్తడం, పశువుల శాల ఊడవడం ఇంట్లో వేరేవాళ్లు చూసుకోవాలి. తాగే నీళ్లు తెర్లాక ఒక నిమిషం మరగాలి. పచ్చిపాలు వద్దు.

ఇన్ఫెక్షన్లు రాకుండా రోజూ వేసుకునే యాంటీబయాటిక్ కోట్రైమాక్సజోల్ ఉందిగా అని ధీమా పడకండి. అది వాడుతుండగానే నొకార్డియా వచ్చినవారున్నారు.

100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, జ్వరం లేకుండానే ఊపిరి బలం కొలిచే స్పైరోమీటర్‌లో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బలంగా ఊదగలిగే గాలి) 10 శాతం పడిపోయినా ఆ రోజే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి. స్టెరాయిడ్ జ్వరాన్ని దాచేస్తుంది.

అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అనుకుంటారు. కఫం పరీక్షలో నొకార్డియా కూడా కొంత టీబీ పురుగులాగే రంగు పట్టుకుంటుంది. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలుపెడితే రక్తంలో టాక్రోలిమస్ స్థాయి దారుణంగా పడిపోతుంది, శరీరం కొత్త ఊపిరితిత్తిని తిరస్కరించే ప్రమాదం వస్తుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దీనికి తలకిందులు: రక్తంలో టాక్రోలిమస్ స్థాయి పెంచి కిడ్నీని దెబ్బతీస్తుంది. అందుకే పరిస్థితి విషమించకపోతే యాంటీబయాటిక్‌కు ముందే రక్తం, కఫం కల్చర్‌కు (ల్యాబ్‌లో ప్లేట్ల మీద క్రిమిని పెంచి చూసే పరీక్షకు) ఇవ్వాలి. చీటీ మీద ఇలా రాయించండి: “ఊపిరితిత్తుల మార్పిడి రోగి. మెలియాయిడోసిస్, నొకార్డియా చూడండి. ప్లేట్లు 2 వారాలు పారేయకండి.” నొకార్డియా నెమ్మదిగా పెరుగుతుంది. బర్ఖోల్డేరియానేమో మామూలు సూడోమోనాస్ అనే వేరే క్రిమి అనుకుని పక్కన పెట్టేస్తుంటారు.

నొకార్డియా తేలితే తలనొప్పి లేకపోయినా మెదడుకు ఎంఆర్‌ఐ తీయించాలి, అది అక్కడికి పాకుతుంది. మెలియాయిడోసిస్‌కు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ నరం ద్వారా కనీసం 2 వారాలు, తరవాత మాత్రలు 3 నెలలు. ఒంట్లో తేలికైందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. ఏ కొత్త మందు మొదలైనా, ఆగినా, కొద్ది రోజుల్లోనే టాక్రోలిమస్ స్థాయి రక్తపరీక్షలో మళ్లీ చూపించుకోవాలి.