ఆన్‌లైన్‌లో వచ్చిన కానుక నచ్చకపోతే మార్చుకోవడం ఎలా?

వదిన పంపిన చీర రంగు నప్పలేదు, లేదా మేనమామ పంపిన చొక్కా పిల్లాడికి బిగుతైంది. ప్యాకెట్ మీద మీ పేరే ఉన్నా ఆర్డర్ ఉండేది పంపినవాళ్ల ఖాతాలో. రిటర్న్ పెట్టాల్సింది వాళ్ల యాప్‌లోంచే, డబ్బు వెనక్కి వెళ్లేదీ వాళ్లకే. మొహమాటంతో వారం గడిపేస్తే గడువు దాటిపోతుంది. బట్టలకు సాధారణంగా 7 నుంచి 14 రోజులే ఉంటుంది, అదీ వస్తువు అందిన రోజు నుంచి లెక్క.

కాబట్టి ముందు ఫోన్ చేయండి. "వదినా, చీర చాలా బాగుంది. ఇదే రంగుది నా దగ్గర ఒకటుంది, వేరే రంగు తెప్పించుకోనా?" అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఈలోగా వస్తువును వచ్చినట్టే ఉంచండి. చొక్కా వేసి చూడొచ్చు గానీ ట్యాగ్ దారం తెంపకూడదు. చీరకు ఫాల్ కుట్టినా, పీకో చేసినా, జాకెట్ గుడ్డ కత్తిరించినా ఇక తీసుకోరు. ట్యాగ్, బార్‌కోడ్ కనబడేలా రెండు ఫోటోలు తీసి ఉంచుకోండి.

పంపినవాళ్లు 'మై ఆర్డర్స్'లో ఆ వస్తువు తెరిచి రిటర్న్ గానీ ఎక్స్‌ఛేంజ్ గానీ ఎంచుకోవాలి. సైజు మాత్రమే తేడా అయితే ఎక్స్‌ఛేంజే మేలు, కాకపోతే కావలసిన సైజు స్టాకులో ఉండాలి. పనులు ఎక్కువగా చెడేది పికప్ అడ్రస్ దగ్గరే. కానుక వాళ్లింటికి వచ్చి, అక్కడినుంచి మీకు చేరి ఉంటే యాప్‌లో వాళ్ల అడ్రసే ఉంటుంది. దాన్ని మీ ఇంటికి, ఫోన్ నంబరు మీదానికి మార్చమనండి.

పికప్‌కి వచ్చినతను మడత విప్పి, రంగు, ట్యాగ్ తన ఫోన్‌లోని ఫోటోతో పోల్చి చూస్తాడు. డబ్బా, జతగా వచ్చినవి అన్నీ పక్కన పెట్టుకోండి, ఒక్కటి తగ్గినా వెనక్కి పోతాడు. ఓటీపీ అడిగితే అది పంపినవాళ్ల ఫోన్‌కి రావచ్చు. వాళ్లు అమెరికాలో ఉంటే పికప్ వేళ ముందే చెప్పి ఉంచండి. వస్తువు తీసుకున్నాకే ఓటీపీ చెప్పాలి.

కార్డు, యూపీఐ అయితే డబ్బు అదే దారిన వెళ్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ అయితే బ్యాంకు వివరాలు ఇవ్వాలి.

లోదుస్తులు, పేరు చెక్కించినవి సాధారణంగా తీసుకోరు. 'రీప్లేస్‌మెంట్ ఓన్లీ' అని ఉంటే లోపమున్నప్పుడు అదే వస్తువు మళ్లీ ఇస్తారంతే. నచ్చలేదనే కారణంతో తీసుకోవడం కంపెనీ నియమాన్ని బట్టే. లోపమున్నా, చూపించినదానికి తేడాగా వచ్చినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. అలా అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

కస్టమర్ కేర్ నంబరు మాత్రం గూగుల్‌లో వెతక్కండి, దొంగ నంబర్లు చాలా ఉంటాయి. యాప్ లోపలి 'హెల్ప్' నుంచే మాట్లాడండి. రీఫండ్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టమని ఎవరన్నా అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి.