హైదరాబాద్‌లో తూనీగలు చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి, ఎలా చూడాలి?

ఏప్రిల్‌లో చెరువు గట్టుకి వెళ్తే ఒకటో రెండో తూనీగలు కనిపిస్తాయి, అదే గట్టుకి బతుకమ్మ రోజుల్లో వెళ్తే ఎటు చూడాలో తెలియనన్ని ఉంటాయి. కాబట్టి కెమెరా సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ చూడండి. మన దగ్గర సీజన్ మృగశిర కార్తెతో మొదలై దీపావళి దాటేదాకా నడుస్తుంది. నన్నడిగితే వినాయక చవితి నుంచి దసరా దాకా ఉన్న రోజులే అన్నిటికంటే మంచివి.

ఎందుకంటే చాలా తూనీగల బతుకులో ఎక్కువ భాగం నీళ్లలోనే గడుస్తుంది. గుడ్డు నీళ్లలో, దాన్నుంచి వచ్చిన లార్వా నీళ్లలో, అక్కడే దోమ పిల్లల్ని తింటూ పెరిగి చివరికి ఏదో గడ్డిపోచ పట్టుకుని పైకొచ్చి రెక్కలు విప్పుకుంటుంది. వాన గుంటల్లో పెరిగే రకాలకి దీనంతటికీ నెలన్నర, రెండు నెలలు చాలు. అందుకని మీ ఏరియాలో మొదటి గట్టి వాన ఎప్పుడు పడిందో రాసిపెట్టుకోండి, అక్కడి నుంచి నెలన్నర దాటాక వెళ్లడం మొదలుపెట్టండి.

జూన్, జూలై: ఖాళీ గ్రౌండ్లలో

చెరువుల దగ్గర అప్పటికి పెద్దగా ఉండవు గానీ ఆకాశంలో ఉంటాయి. రుతుపవనాల గాలితో పాటే పసుపు, నారింజ కలిసిన రంగు తూనీగలు గుంపులుగా వస్తాయి. పంటాలా ఫ్లావెసెన్స్ అంటారు వీటిని. మబ్బు పట్టిన సాయంత్రం క్రికెట్ గ్రౌండ్ మీదో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో ఎక్కడా వాలకుండా తిరుగుతుంటాయి. తూనీగలు కిందికి ఎగిరితే వానొస్తుందని పెద్దవాళ్లు అంటుంటారు కదా, ఆ మాట వచ్చినప్పుడు చూసేది ఎక్కువగా వీటినే. వాన గుంటల్లో గుడ్లు పెడతాయి, ఒక్కోసారి మెరిసే కారు బానెట్‌ని నీళ్లనుకుని దాని మీద కూడా పెడుతుంటాయి. ఇలాంటివే మన దేశం నుంచి బయల్దేరి అక్టోబర్ నుంచి మాల్దీవుల్లో దిగుతాయి, అక్కడి నుంచి సముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికా వైపు సాగిపోతాయి. ఐదు సెంటీమీటర్లు కూడా లేని పురుగు!

ఆగస్టు నుంచి అక్టోబర్: నీళ్ల దగ్గర

రాత్రి వాన పడి పొద్దున ఎండ కాసిన రోజు చూసుకుని బయల్దేరండి. తొమ్మిదికి అక్కడుంటే సరిపోతుంది, ఒళ్లు వెచ్చబడితే గానీ అవి చురుగ్గా ఎగరలేవు. పదకొండున్నర దాకా హాయిగా చూడొచ్చు. మధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే కొన్ని తోక నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి కూర్చుంటాయి, ఒంటి మీద ఎండ తక్కువ పడాలని. గాలి జోరుగా ఉన్న రోజు వెళ్లకపోవడమే మంచిది.

అమీన్‌పూర్ చెరువు (2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు), కొండాపూర్ బొటానికల్ గార్డెన్, గండిపేట అంచులు, ఒక రోజు తీరిక ఉంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి, వీటిలో ఏదైనా మంచి చోటే. ఎర్రగా మిరపపండులా మెరిసేది, గులాబీ రంగుది, ఆకుపచ్చ మీద నల్ల చారలున్నది గడ్డిపోచల మీద వాలి కనిపిస్తాయి. నాలా పక్కన నారింజ రంగు రెక్కలవి గుంపులుగా కనిపించాయని ఆ నీళ్లు బాగున్నాయి అనుకోకండి, ఆ రకం మురికినీళ్లలోనూ బతికేస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం మన బండరాళ్ల మీద ఉండే గ్రానైట్ ఘోస్ట్ అనే తూనీగ. బూడిద, నలుపు మచ్చలతో అచ్చం రాయిలాగే ఉంటుంది, రెక్కలు రాయికి అతికించినట్టు పరిచి కూర్చుంటుంది, కదిలేదాకా అక్కడ ఉందని తెలియదు. రెక్కల చివర చిన్న మచ్చ కోసం చూడండి, మధ్యలో నలుపు, రెండు చివర్లా తెలుపు. రాతి గుంటల్లోనూ సిమెంట్ తొట్లలోనూ గుడ్లు పెడుతుంది కాబట్టి మీ కాలనీ ప్రహరీ గోడ మీద కూడా దొరకొచ్చు.

దగ్గరికి ఎలా వెళ్లాలి

తల నిండా కళ్లే కాబట్టి వెనక నుంచి వెళ్లినా కనిపెట్టేస్తుంది. వంగి మెల్లగా నడవండి, మీ నీడ దాని మీద పడనివ్వకండి. ఎగిరిపోతే వెంటపడొద్దు, అక్కడే కదలకుండా నిలబడండి. చాలా మగ తూనీగలు తమ హద్దు కాపలా కాస్తూ మళ్లీ అదే పుల్ల మీదికి వచ్చి వాలతాయి. ఫోన్ జూమ్ చాలు. పిల్లల్ని తీసుకెళ్తే తోకకి దారం కట్టనివ్వకండి, పట్టుకోవడం కూడా వద్దు.

చలికాలం, ఎండాకాలం

డిసెంబర్, జనవరిలో పది దాటాక వెళ్లండి. మార్చి నుంచి మే దాకా నీళ్లు ఎండని చోట్లకే, అదీ ఎనిమిదిన్నర లోపే. ఈ నెలల్లో తక్కువే కనిపించినా ఫోటోలు తేదీతో సహా ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి, పేరు తెలియకపోతే తెలిసినవాళ్లు చెబుతారు.