పాత లారీలో ఇండికేటర్ వెలగకపోతే

పాత లారీలో ఇండికేటర్ పనిచేయకపోతే చాలామంది ముందుగా ఫ్లాషర్ (దీపాన్ని ఆగి ఆగి వెలిగించే పరికరం) మార్చేస్తారు. కానీ లోపం రెండు వైపులా ఉందా, ఒక వైపే ఉందా అన్నది తేల్చుకోకుండా ఏ భాగమూ కొనవద్దు. రెండు వైపులా వెలగకపోతే ఫ్యూజు, ఫ్లాషర్, స్విచ్ వరుసగా పరీక్షించాలి. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఉన్న బండిలో ఒక వైపు మాత్రమే మరీ వేగంగా కొట్టుకుంటుంటే, ఆ వైపు ఒక బల్బు మాడిపోయి ఉండవచ్చు. మన లారీలు సాధారణంగా 24 వోల్టులవి కనుక 24 వోల్టుల, 21 వాట్ల బల్బే వేయాలి. 12 వోల్టుల కారు బల్బు వేస్తే వెంటనే మాడిపోతుంది.

బల్బు బాగున్నా వెలగకపోతే, బురదా వాననీరూ నేరుగా తగిలే వెనుక దీపం ఎర్త్‌ను (దీపం నుంచి కరెంటు ఛాసిస్ అనే ఇనుప చట్రానికి తిరిగి వెళ్ళే తీగను) అనుమానించండి. ఇండికేటర్‌తోపాటు టెయిల్ ల్యాంపు కూడా మసకగా మినుకుమంటే, నా దృష్టిలో ఎర్త్ లోపానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు లేదు. ఇండికేటర్ స్విచ్ వేసి, టెస్ట్ ల్యాంపు (రెండు తీగలున్న పరీక్ష బల్బు) ఒక కొసను హోల్డరు అడుగున ఉన్న కాంటాక్టుకు, రెండో కొసను ఛాసిస్ మీద గీకి శుభ్రం చేసిన ఇనుముకు తాకించండి. అది ఆగి ఆగి వెలిగితే కరెంటు వస్తోంది, ఎర్త్ మాత్రమే అందడం లేదు. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఎర్త్ బోల్టు తీసి, ఎర్త్ తీగ చివర చిలుము పట్టిన రింగునూ దాని కింది తుప్పునూ మెరిసే లోహం కనిపించేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయాలి.