వేలిబొమ్మల అల్లిక – 3వ పాఠం: తొలి ఎలుగుబంటి

నిట్ (తిన్నని కుట్టు), పర్ల్ (తిరగేసిన కుట్టు), కొలత ముక్క అల్లి చూసుకోవడం గత రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఈసారి ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు ఇచ్చేందుకు, మిగిలిపోయిన ఊలుతో వేలికి తొడిగే ఒక ఎలుగుబంటిని మొదటి కుట్టు నుంచి చివరి పోగు దాచేదాకా పూర్తి చేద్దాం. అల్లిక చాలా తేలిక. శ్రమంతా లోపలివైపే. బొమ్మ లోపల వదులుగా వేలాడే పోగు చిన్న వేలికి ఉచ్చులా బిగుసుకుంటే రక్తం ఆడదు. మందుల మత్తులో ఉన్న పిల్లవాడు నొప్పి అని చెప్పలేకపోవచ్చు. అందుకే ఈ పాఠాల్లోని ఏ బొమ్మకూ రెండు రంగుల పోగులను పక్కపక్కనే లాక్కుపోయే అల్లిక వాడం. ఆ అల్లికలో ప్రతి రంగు వెనకా పోగు అడ్డంగా పడి ఉంటుంది. చారల చొక్కా కావాలంటే వరుసలుగా రంగు మార్చుకోవచ్చు, ఒకే వరుసలో మాత్రం రెండు రంగులు వద్దు.

ఊలు ఎంచుకోవడం

డీకే మందం, అంటే 8 ప్లై ఊలు తీసుకోండి. మొండెం రంగు 5 మీటర్లు, తల రంగు 4 మీటర్లు, ముఖానికి నల్లదో ముదురు గోధుమరంగుదో అర మీటరు ఉంటే చాలు. మిగులు ఉండలతో వచ్చే మొదటి చిక్కు మందంలో తేడా. రెండు ఉండల ఊలు కొనలను ఒకదానిలో ఒకటి లంకె వేసి, ఒక్కొక్కదాన్ని రెండు పోగులుగా మెలిపెట్టండి. ఆ లంకె మీదుగా వేళ్లు జరిపితే సన్నం, లావు వెంటనే తెలిసిపోతాయి. తల ఊలు సన్నమైతే తల మొండెం కన్నా చిన్నదిగా వస్తుంది, అల్లిక పల్చబడి లోపలి దూది బయటికి కనిపిస్తుంది.

రెండో చిక్కు, చీటీ పోయిన ఊలు. అది దేనితో చేసిందో తెలియాలంటే చిన్న ముక్కను పటకారుతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టుకుని కాల్చి చూడండి. ఆక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. గొర్రె ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద అవుతుంది. నూలు కాగితం కాలిన వాసన వేస్తుంది. ఆసుపత్రి బొమ్మలకు ఆక్రిలిక్, నూలు మంచివి. మామూలు ఉన్ని వేడినీళ్లలో ముడుచుకుని గట్టిపడుతుంది, కాబట్టి పక్కన పెట్టేయండి. మొహైర్, అంగోరా లాంటి నూగు ఊలు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. ఆ నూగు రాలి పిల్లల ముక్కులోకి, నోట్లోకి పోతుంది.

అల్లిక

3 మిల్లీమీటర్ల సూదులు వాడండి. చీటీ మీద 4 అని రాసి ఉన్నా సరే, బొమ్మకు బిగువైన అల్లిక కావాలి. 5 సెంటీమీటర్ల వెడల్పులో 12 నుంచి 13 కుట్లు రావాలి. అంతకన్నా తక్కువ వస్తే 2.75 సూదికి మారండి.

మొండెం రంగుతో 16 కుట్లు ఎక్కించండి. ఈ ఎక్కింపుకి మాత్రం 3.5 సూది వాడి, అల్లేటప్పుడు 3 కి మారండి. ఎక్కింపు బిగుతైతే మిగతా అల్లిక ఎంత సాగినా వేలు లోపలికి దూరదు. కుట్టు మొదలయ్యే చోట 20 సెంటీమీటర్ల తోక వదలండి, పక్క కుట్టుకు అదే పనికొస్తుంది.

1 నుంచి 4 వరుసలు అన్నీ నిట్. అంచు చుట్టుకోకుండా ఇవి ఆపుతాయి. ఇక్కడ ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున సాగే అంచు వేసేవాళ్లున్నారు. ఆ అంచు వేలిని పట్టుకుంటుంది, వాపు ఉన్న వేలికి అది బాధ. సాదా అంచే నయం.

5 నుంచి 16 వరుసలు ఒకటి నిట్, ఒకటి పర్ల్ చొప్పున. పర్ల్‌తో ముగుస్తుంది.

మొండెం ఊలు 15 సెంటీమీటర్లు వదిలి కత్తిరించి, తల రంగు అందుకోండి. 17 నుంచి 26 వరుసలు మళ్లీ నిట్, పర్ల్.

27వ వరుసలో మొదటి నుంచి చివరిదాకా రెండేసి కుట్లు కలిపి నిట్ వేస్తే 8 మిగులుతాయి. 28 పర్ల్. 29లో మళ్లీ రెండేసి కలిపితే 4. ఊలు 25 సెంటీమీటర్లు వదిలి కత్తిరించి, మొద్దు మొన సూదికి ఎక్కించి, ఆ 4 కుట్లలోంచి రెండుసార్లు తిప్పి లాగండి. ఒక్కసారే తిప్పితే ఉతికాక నడినెత్తిన చిల్లు తేలుతుంది.

పక్క కుట్టులో అటొకటి, ఇటొకటి పోగా చుట్టూ 14 కుట్లు మిగులుతాయి, అంటే సుమారు 5.6 సెంటీమీటర్లు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చూపుడువేలికి ఇది కాస్త వదులుగా కూర్చుంటుంది, అలాగే ఉండాలి. పెద్దవాళ్లు ఆడించే బొమ్మకైతే 18 కుట్లు ఎక్కించి, మొండెంలో 6 వరుసలు పెంచండి. అప్పుడు 33వ వరుసలో 9, 35లో 5 మిగులుతాయి, చివరి కుట్టు ఒంటరిగా అల్లేయండి.

తల నింపడం, చెవులు, ముఖం

కుట్టే క్రమం మారితే చేయి లోపలికి అందదు, జాగ్రత్త. ముందు నెత్తి నుంచి మెడదాకా తల పక్కను మాత్రమే కుట్టండి. మొండెం తెరిచే ఉంచండి.

చెవులను విడిగా అల్లి అతికించవద్దు. లాగితే ఊడి నోట్లోకి పోయే ముక్క అదే. పక్క కుట్టు వెనక్కి వచ్చేలా పట్టుకుని, తల 10వ వరుసలో 5, 6, 7 కుట్ల మీంచి మూడు కుట్లు ఎత్తుకోండి. రెండు వరుసలు నిట్ వేసి, ఊలు కత్తిరించి, మూడు కుట్లలోంచి లాగి, ఆ కొనను చెవి పక్కగా తల లోపలికి దించండి. 10, 11, 12 కుట్ల మీద రెండో చెవి. ఇలా ఎత్తుకున్న చెవి తలలో భాగమే, విడిగా ఊడదు.

కళ్లకు గుండీలు, పూసలు, ప్లాస్టిక్ కళ్లు ఏవీ వద్దు. నల్ల ఊలును విడదీసి సగం పోగులతో, మెడ నుంచి 5వ వరుసలో 7, 10 కుట్ల మీద ఒకే చోట మూడేసి నిలువు కుట్లు వేయండి. కళ్లు పైకి పెట్టినకొద్దీ బొమ్మ పెద్దవాడిలా కనిపిస్తుంది, కిందికి దించితే పసిముఖం వస్తుంది. ముక్కు 4వ వరుస నడిమధ్యన రెండు అడ్డ కుట్లు. నోరు చిన్న గీతగానే ఉంచండి. ఎప్పుడూ నవ్వే బొమ్మ నొప్పితో ఉన్న పిల్లవాడి మాట మోయలేదు. గీతలాంటి నోరైతే ఏడిపించవచ్చు, కోప్పడనివ్వవచ్చు, నవ్వించవచ్చు. సూది మందు ఇచ్చే ముందు బొమ్మకు ఇచ్చి చూపించేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు పాలియెస్టర్ దూది కొద్దికొద్దిగా నింపండి. మామూలు పత్తి ఉండకడుతుంది, లోపలి తడి త్వరగా ఆరదు. ఊలు తునకలు వద్దేవద్దు, సందుల్లోంచి బయటికి వస్తాయి. తల రంగు మొదటి వరుసలోని ప్రతి కుట్టులోంచి పోగు తీసి బిగించి, ఆ చిల్లు మీద లోపలివైపు అటూ ఇటూ రెండు కుట్లు వేసి పూర్తిగా మూసేయండి. వేలు దూదికి తగలకూడదు. ఆ తర్వాతే మొండెం పక్కను కింది అంచు నుంచి పైకి కుట్టండి.

లోపలి పరీక్ష

తల పోగుల కొనలు తల్లోనే దాగిపోతాయి. మొండెం కొనల్ని ముడులు వేసి వదలకండి. ముడి వేలికి గుచ్చుకుంటుంది, జారే ఆక్రిలిక్ ముడి విడిపోతుంది కూడా. పక్క కుట్టు వెంట 4 సెంటీమీటర్లు ఒకవైపు, తిరిగి 3 సెంటీమీటర్లు ఎదురువైపు, ఊలు పోగులను చీలుస్తూ నడిపించి, అంచుకు దగ్గరగా కత్తిరించండి.

తర్వాత మొండెం తిరగేసి, మొద్దు సూది మొనతో లోపలంతా నెమ్మదిగా దువ్వండి. మొన ఎక్కడైనా పట్టుకుని ఊలును లాగితే అక్కడ లూపు ఉంది, విప్పి మళ్లీ దాచండి. పట్టుకోకుండా జారితే సరే. చెవులను గట్టిగా లాగి చూడండి. చెవి మొదట్లో సందు కనిపిస్తే ఒక కుట్టు వదిలేసి ఎత్తుకున్నారన్నమాట.

ఇచ్చే ముందు

వాసన లేని సబ్బుతో ఉతికి, లోపలి దూది దాకా ఆరనివ్వండి. ఆక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టకండి, కరిగి చదునైపోతుంది. ఒక్కో బొమ్మను ఒక్కో కొత్త సంచిలో మూసి, ఊలు రకం, ఉతికే విధానం చీటీ మీద రాయండి. పొగతాగే గదిలోనో, పెంపుడు జంతువుల బొచ్చు తగిలేచోటో అల్లినవి ఇవ్వవద్దు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలున్న వార్డులు చేతి అల్లికలను తీసుకోకపోవచ్చు, అందుకే అల్లడానికి ముందే అడగాలి. సోకే జబ్బుల వల్ల ఒక పిల్లవాడు ఆడిన బొమ్మ ఇంకొకరికి వెళ్లకూడదు, ఇంటికి తీసుకెళ్లేలా ఇవ్వండి. మూడేళ్లలోపు వాళ్లకు ఇవి ఇవ్వవద్దు. ఆక్సిజన్ చూసే క్లిప్ ఉన్న వేలికి, సెలైన్ సూది ఉన్న చేతికి బొమ్మ తొడగవద్దని చీటీ మీద ఒక వాక్యం చేర్చండి.

అభ్యాసం

ఇదే కొలతతో రెండు ఎలుగుబంట్లు అల్లండి. ఒకదాన్ని మూడుసార్లు ఉతికి, ఉతకని దాని పక్కన పెట్టి నెత్తి, మెడ, చెవి మొదళ్లు పోల్చి చూడండి. ఎక్కడ వదులైందో అక్కడ రెండోదాన్ని సరిచేయండి. వచ్చే పాఠంలో ఇవే 16 కుట్లతో కుందేలు పొడవు చెవులు, ఏనుగు తొండం. తొండానికి 2.75 సూదులు కావాలి, దగ్గర పెట్టుకోండి.