ఇంటి తోట పాఠాలు – 4: నారు ఎక్కడ దొరుకుతుంది, ఏది చూసి తెచ్చుకోవాలి

పోయిన పాఠంలో మట్టి కలిపి, కుండీలు నింపి, వారం రోజులు తడుపుతూ ఉంచమన్నాను. ఆ పని కాకపోతే ఈ పాఠం చదవండి గానీ, నారు మాత్రం ఇప్పుడే తేకండి. కవర్లో నాలుగు రోజులు పడి ఉన్న నారు ఆ తర్వాత ఎంత మంచి మట్టిలో పెట్టినా కోలుకోవడం కష్టం.

ముందు అనవసరపు ఖర్చు తప్పిద్దాం. నారు కొనాల్సింది టమాటా, వంగ, మిరప, క్యాప్సికం, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి లాంటి వాటికే. బెండ, చిక్కుడు, ఆకుకూరలకు గింజ వేస్తే చాలు. ముల్లంగి, క్యారెట్ నారు ఎవరైనా అమ్మినా వద్దు. పీకి నాటితే వేరు వంకర పోతుంది, మనకు కావలసిందేమో ఆ వేరే. బీర, సొర, కాకర, దోసలది ఇంకో తీరు. వాటికి వేరు కదిలితే పడదు. చిన్న కప్పులో రెండు మూడు ఆకులతో ఉన్నప్పుడు మట్టి విడిపోకుండా దింపితే బతుకుతాయి. కవర్లోనే మూరెడు తీగ సాగిన సొర మొక్కను చూసి మురిసిపోయి కొనకండి.

ఇక ఎక్కడ వెతకాలి? చాలామంది మొదట పూల మొక్కల నర్సరీకి వెళ్తారు. తప్పేం లేదు గానీ, అక్కడ కూరగాయల నారు పక్క వ్యాపారం. అమ్ముడుపోయేదాకా అలాగే ఉంటుంది, వారాలు గడిచినా ఉంటుంది. నా మొదటి టమాటా మొక్కలు అలాంటి చోటే కొన్నాను. పిడికెడంత కవరు, అందులో అప్పుడే పూత! ఎంత సంబరపడ్డానో. తీరా ఇంటికొచ్చాక రెండు గోలీకాయలంత కాయలు కాసి ఆగిపోయాయి. చోటు చాలని వేరుతో, ఆకలితో ఉన్న మొక్క తొందరపడి పూస్తుందని అప్పుడు తెలియదు.

అంతకంటే మంచి చోటు రైతుల కోసం ట్రేలలో నారు పెంచే నర్సరీ. ఊరి బయట, తెల్లటి వల కప్పిన షెడ్లు కనిపిస్తే అదే. వాళ్లు ఆర్డరు మీద వేలల్లో పెంచుతారు. ప్రతి గింజా మొలవదు కాబట్టి ఎప్పుడూ కొంచెం ఎక్కువే వేస్తారు. రైతు తన నారు తీసుకెళ్లాక మిగిలిన ట్రేలే మనకు కావాల్సినవి. అందుకే వెళ్లే ముందు ఫోన్ చేసి, ‘ఈ వారం ఏ నారు ఇస్తున్నారు, మిగిలేది ఏమైనా ఉంటుందా’ అని అడగండి. పది మొక్కలకైతే విసుక్కోవచ్చు. ట్రేలో 50 గుంతలుండొచ్చు, 98 లేదా 104 కూడా ఉండొచ్చు. తోట వేసే ముగ్గురు నలుగురు కలిసి ఒక ట్రే పంచుకుంటే వాళ్లకూ సులువు, మనకూ సులువు.

రెండో దారి కూరగాయలు పండించే రైతు. పొలంలో నాటాక కొన్ని మొక్కలు చస్తాయి, ఆ ఖాళీలు పూడ్చడానికి నారుమడిలో కొంత మిగుల్చుకుంటారు. వారం పది రోజుల్లో ఆ పని అయిపోతే మిగిలింది దున్నేస్తారు. ఆ సమయానికి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మట్టి లేకుండా పీకిన నారు కాబట్టి అదే సాయంత్రం నాటాలి. సంతలో కట్టలుగా అమ్మేదీ ఇలాంటిదే. పొద్దున్నే వెళ్తే సరే, ఎండెక్కాక వాడిన కట్టను నీళ్లు చల్లి నిగనిగలాడిస్తారు, మోసపోవద్దు. ఉద్యాన శాఖ తోటలు, వ్యవసాయ కాలేజీల్లో కూడా అడిగి చూడండి.

ఎక్కడ కొన్నా ముందు ‘గింజ ఎప్పుడు వేశారు?’ అని అడగండి. మంచి రకమేనా అంటే ఎవరైనా అవుననే చెప్తారు, తేదీ అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. టమాటా, క్యాబేజీ నారుకు 25 నుంచి 30 రోజులు, వంగకు 30 నుంచి 35, మిరపకు 35 నుంచి 45 రోజుల వయసు సరిపోతుంది. చలికాలంలో ఇంకో వారం పట్టొచ్చు. బాగా ముదిరిన నారు నాటాక తేరుకోవడానికి చాలా రోజులు తీసుకుంటుంది.

తర్వాత మొక్కను చేతిలోకి తీసుకోండి. పొడుగ్గా, పాలిపోయి, సన్నగా ఉంటే వెలుతురు చాలక సాగిందని అర్థం. టమాటా అయితే కాడను కొంత లోతుగా పూడిస్తే అక్కడా వేళ్లు పుడతాయి, మిగతావి అలా సర్దుకోవు. జానెడు లోపు ఎత్తు, గట్టి కాడ, దగ్గర దగ్గర ఆకులు ఉన్నది ఎంచుకోండి. ఆకు తిప్పి అడుగున చూడండి. కదిలిస్తే లేచే తెల్లదోమ ఉంటే ఆ ట్రే మొత్తం వదిలేయండి, టమాటాకు ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. ముడత వచ్చిన మొక్కకు మందు లేదు. మట్టి దగ్గర కాడ నొక్కుకుపోయి, నల్లబడి ఉంటే నారుకుళ్లు తెగులు పట్టినట్టే.

చివరగా వేరు. గుంత కింద నుంచి నెడితే మట్టిముద్ద చెదరకుండా రావాలి, చుట్టూ తెల్లటి వేళ్లు కనిపించాలి. గోధుమరంగులో గుండ్రంగా చుట్టుకుపోతే ఆలస్యమైనట్టే. టమాటా, వంగ వేళ్ల మీద పూసల్లా బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేళ్లలో చేరే అతి సన్నటి పురుగులు, పట్టినట్టే. ఆ మొక్కను తెస్తే మీ మట్టికీ అంటుకుంటాయి. అమ్మేవాళ్లు వేరు చూడనివ్వకపోతే మొహమాటపడకుండా వెనక్కి వచ్చేయండి.

ఇంటికి తెచ్చాక ట్రే నారును మీ తోటలో ముందునుంచీ ఉన్న మొక్కలకు వారం రోజులు దూరంగా పెట్టండి. రోజూ ఎండ కొంచెం కొంచెం పెంచండి. వల కింద పెరిగిన ఆకు మొదటి రోజే మండే ఎండలో మాడిపోతుంది.

ఈ వారం పని: దగ్గర్లో నారు పెంచే రెండు చోట్లకు వెళ్లండి, ఏమీ కొనకండి. గింజ వేసిన తేదీ అడిగి రాసుకోండి. ఒక్కో చోట ఒక మొక్క వేరు చూడండి. వచ్చే పాఠంలో నాటే రోజు చేయాల్సిన పనులు, గుంత లోతు, మొదటి తడి గురించి చెప్తాను.