చిన్న వ్యూఫైండర్‌కు భూతద్దం ఐపీస్: నా అనుభవం

నా డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా వ్యూఫైండర్‌లోకి, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలోకి, చూడటమంటే సొరంగంలోంచి సినిమా చూడటమే. చిన్న సెన్సారు, పెంటాప్రిజం (బొమ్మను కంటికి చేర్చే గాజు పట్టకం) బదులు అద్దాలు; తక్కువ ధర కెమెరాల్లో చాలావాటిది ఇదే తంతు. పాత 50 ఎంఎం మాన్యువల్ లెన్స్‌తో ప్రకాశం బ్యారేజీ దిగువన వల విసిరే జాలరిని తీయబోతే ఫోకస్ కుదిరిందో లేదో తెలిసేది కాదు.

1.17 రెట్లు పెద్దదిగా చూపే నికాన్ డీకే-21ఎం అనే ఐపీస్ (వ్యూఫైండర్‌కు తగిలించే కంటి కటకం) తెప్పించాను. పాత రబ్బరు కప్పును రెండు వేళ్లతో పైకి జరిపితే గాడిలోంచి ఊడివచ్చింది. కొత్తది అదే గాడిలో కిందికి దిగింది. అసలు పని ఆ తర్వాతే. వ్యూఫైండర్‌ను మన చూపుకు తగ్గట్టు మార్చే, పక్కనున్న డయాప్టర్ చక్రాన్ని మళ్లీ సరిచేయాలి. కెమెరాను తెల్ల గోడవైపు పెట్టి, గోడను కాకుండా ఫోకస్ బిందువుల గీతలను చూస్తూ, అవి పదునుగా కనబడేవరకు తిప్పాలి. చాలామంది ఇది వదిలేసి ఐపీస్‌ను తిడతారు!

మామూలు కంటికి కనబడేదానితో పోలిస్తే వ్యూఫైండర్‌లో 0.8 రెట్లున్న బొమ్మ ఇప్పుడు సుమారు 0.94 రెట్లు. వల అంచు ఎక్కడ తేటపడుతోందో కంటికి అందుతోంది. ఫ్రేములో కనబడే భాగం మాత్రం పెరగదు, ఫోటోలో పడేదాంట్లో మునుపటిలాగే 95 శాతమే. కళ్లజోడుంటే మూలలూ, అడుగున షట్టర్ అంకెలూ చూడటానికి కన్ను కాస్త జరపాలి. ఇంతకంటే ఎక్కువ పెంచేవీ దొరుకుతాయి కానీ, కళ్లజోడు వాళ్లను అవి కొనమని నేను చెప్పను.