క్నూత్ గారి క్రిస్మస్ లెక్చర్‌కు నాలుగు చీటీలు, ఒక పెన్సిల్

డిసెంబరు వస్తే మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ పేపర్లు దిద్దే టెన్షన్. నాకేమో స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ క్నూత్ గారు ఈసారి ఏం చెబుతారా అన్న ఆత్రం. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రాస్తున్న పెద్దాయన. దాదాపు ఏటా క్రిస్మస్ ముందు ఒక ఉపన్యాసం ఇస్తారు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మొదట్లో విషయం ట్రీలు, అంటే సమాచారాన్ని కొమ్మలు కొమ్మలుగా అమర్చే పద్ధతి. మనం వేరు పైన, ఆకులు కింద పెట్టి బోర్డు మీద గీస్తామే, ఆ చెట్లు. క్రిస్మస్ ట్రీ లెక్చర్ అన్న పేరు అలా వచ్చింది.

వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కష్టమంతా చూడటంలోనే. నేను మొదట 2014 నాటిది పెట్టుకున్నాను, అదీ కాలేజీ బస్సులో, రెట్టింపు వేగంతో. మూడు బై రెండు కొమ్మల చెట్టట! బస్సు దిగేసరికి ఆ సగం కొమ్మ ఎక్కడిదో కూడా అర్థం కాలేదు. కాబట్టి మీరు దాంతో మొదలుపెట్టకండి.

2016 నాటి 'హామిల్టోనియన్ పాత్స్ ఇన్ యాంటిక్విటీ'తో మొదలుపెట్టండి. ప్రతి బిందువునూ ఒక్కసారే తాకుతూ దారి వెయ్యడమనే సమస్య ఎంత పాతదో అందులో చెబుతారు. తొమ్మిదో శతాబ్దపు సంస్కృత రచనల దాకా వెళతారు. అక్షరాలను బొమ్మల్లో, గళ్లలో ఇమిడ్చి రాసే బంధకవిత్వం పేరు విన్న మనకు ఇది సొంతింటి సంగతే. వీడియో పెట్టే ముందు ఆ కాలపు సంస్కృత ఆలంకారికుడు రుద్రటుడి తురగపద బంధం (గుర్రం నడక శ్లోకం) వెతికి, వరసకు ఎనిమిది చొప్పున నాలుగు వరసల గళ్లలో రాసుకోండి. మామూలుగా చదివినా, చదరంగంలో గుర్రం ఎత్తులతో చదివినా అదే శ్లోకం వస్తుంది. వేలు పెట్టి ఒక్కసారి చదివితే చాలు, తర్వాత లెక్చర్ దానంతటదే లాక్కెళుతుంది.

రెండోది 2018 నాటి 'డాన్సింగ్ లింక్స్'. పక్కవాళ్లెవరో చెప్పే లంకెలతో కట్టిన వరసలోంచి ఒకదాన్ని తప్పించి, మళ్లీ అదే చోట తేలిగ్గా పెట్టే కిటుకు ఇది. దీనికి చీటీలు కావాలి. నాలుగు కాగితం ముక్కలకు 1 నుంచి 4 దాకా అంకెలు వేసి వరసగా పెట్టండి. ఒక్కో చీటీ మీద ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరు అని పెన్సిల్‌తో రాయండి. ఇప్పుడు 2ను తప్పించాలి. 1 చీటీలో కుడి పక్క 3 అని, 3 చీటీలో ఎడమ పక్క 1 అని మార్చండి. 2 చీటీని మాత్రం ముట్టుకోకండి. వరసలోంచి పోయినా దాని మీద 1, 3 అన్న రాత అలాగే ఉంది చూశారా? మళ్లీ రావాలంటే ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్లి తన పేరు రాయిస్తే సరి. కిటుకంతా ఇదే.

చెడగొట్టి కూడా చూడండి. 2ను తప్పించాక 3ను కూడా తప్పించండి. ఇప్పుడు 3 కంటే ముందే 2ను వెనక్కి తెండి. ఎడమ నుంచి చీటీలు చెప్పినట్టు నడిస్తే నలుగురు తగులుతారు. కుడి నుంచి నడిస్తే 4 పక్కనే 1, అంటే ఇద్దరే! ఆఖరున పోయినవాళ్లు ముందు రావాలన్న నియమం ఎందుకో ఇక నేను చెప్పక్కర్లేదు. మా పిల్లలకు బోర్డు మీద వారం రోజులు చెప్పినా ఎక్కనిది చీటీలతో పావుగంటలో ఎక్కింది.

ఆ తర్వాత వీడియో పెట్టండి, మామూలు వేగంతోనే. ఆయన ప్రశ్న వేసినప్పుడల్లా ఆపి, మీ జవాబు కాగితం మీద రాశాకే ముందుకెళ్లండి. గంట వీడియోకు నాకు రెండు ఆదివారాలు పట్టింది. చివర్లో సభలోవాళ్లు అడిగే ప్రశ్నలు వదిలెయ్యకండి, నాకైతే అవే ఎక్కువ ఇష్టం. ప్రోగ్రాములు ఆయన వెబ్ పేజీలోనే ఉంటాయి కానీ, మొదటిసారికి వాటి జోలికి పోకపోయినా నష్టం లేదు.

ఇది వంటబట్టాక 2023 నాటి 'డాన్సింగ్ సెల్స్' చూడండి. ఈ లంకెలు లేకుండా అర్రేలతోనే, అంటే వరసగా నంబర్లు వేసిన గళ్లతోనే, ఆ పని ఎలా నడుస్తుందో అక్కడ చెబుతారు. రెండూ పోల్చుకోవడానికి పనికొస్తాయి, చీటీలు అప్పటిదాకా పారెయ్యకండి.